విద్యార్థి సేవ – దాసోహ ధర్మము

కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను చదువుచున్న నేటి యువకునకు, యువతికి లోకసేవ చేయుటకు అవకాశములు తక్కువగా లేవు. జాతీయ సేవా పథకము కలదు. నేషనల్ కేడెట్ కోర్ కలదు. రెడ్‌క్రాస్ శాఖలు, రక్తదాన శిబిరములు, వయోజనులకు అక్షరములు నేర్పు కార్యక్రమములు కలవు. చేయదలచినవారికి దారి లేదను మాట చెల్లదు. కొరత యున్నచో అది మరియొక చోట నున్నది. సేవకు పేరు వ్రాయించుకొనునప్పుడు విద్యార్థి మొదట అడుగు ప్రశ్న, “దీనికి సర్టిఫికెట్ ఇత్తురా?” అని. ఇంటివద్ద తండ్రి అడుగు ప్రశ్న, “దీనివలన చదువు చెడిపోదు గదా?” అని.

ఈ రెండు ప్రశ్నలును లోకసహజములే. వానిని అడిగినవారిని తప్పుపట్టవలసిన పని లేదు. అయినను, దాసోహమును నిత్యధర్మముగా నెంచు వీరశైవ గృహములలో ఈ రెండింటికంటె ముందు మూడవ ప్రశ్న యొకటి పుట్టవలసి యున్నది. ఫలమును కోరి, గంటలు లెక్కించి, ఒకరి నిర్బంధముచే చేయు సేవ నిజముగా సేవ యగునా? కానిచో దానిని విడిచివేయవలయునా, లేక శుద్ధి చేసికొనవలయునా? ఈ విషయమును శరణుల దృష్టితో కొంత విచారించుట యుక్తము.

దానము వేరు, దాసోహము వేరు

దానమునందు ఇచ్చువాడు ఒకడు, పుచ్చుకొనువాడు ఒకడు. ఇచ్చువాని చేయి పైనుండును. పుచ్చుకొనువాని చేయి క్రిందనుండును. ఇచ్చినవానికి పుణ్యమో కీర్తియో దక్కును. పుచ్చుకొన్నవానికి ఋణభారము మిగులును. దానము చెడ్డదని యెవ్వరును అనరు. కాని “నేను ఇచ్చితిని” అను తలంపు దానితో కూడ పుట్టుచునే యుండును.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడును, ఇతర శరణులును నిలిపిన దాసోహ తత్త్వము ఈ తలంపు యొక్క వేరునే త్రెంపినది. “నేను దాసుడను” అనుటయే ఆ పదమునకు అర్థము. ఇచ్చువాడు యజమాని కాడు, సేవకుడు. పుచ్చుకొనువాడు యాచకుడు కాడు, జంగమ స్వరూపుడు. ఇయ్యబడు వస్తువు ఇచ్చువాని సొత్తు కాదు. శివునిదే శివునకు చేరుచున్నది. గురువునకు తనువును, లింగమునకు మనస్సును, జంగమమునకు ధనమును సమర్పించుమని పెద్దలు చెప్పుటలోని ఆంతర్యము కూడ ఇదియే. ఇచ్చిన పిదప ఇచ్చితినన్న గర్వము మిగిలినచో సమర్పణము పూర్తి కాలేదనియే అర్థము.

దాసోహమునకు మరియొక నియమము కూడ కలదు. అది కాయకమునుండి పుట్టవలయును. తన చెమటతో, సత్యముతో ఆర్జించినదానినుండియే దాసోహము జరుగవలయును గాని, అన్యాయముగా తెచ్చినదానితో చేసిన అన్నసంతర్పణ ఎంత ఘనమైనను దాసోహము కానేరదు. కావున సేవను పరీక్షించుటకు శరణులు రెండు ఒరగల్లులు ఇచ్చిరని చెప్పవచ్చును. ఇచ్చునది సత్యమైన కాయకమునుండి వచ్చినదా? ఇచ్చునప్పుడు “నేను” అణగినదా?

విద్యార్థి కాయకము ఏది?

ఇచట ఒక సందేహము కలుగును. విద్యార్థి ఇంకను ఆర్జనపరుడు కాడు. తల్లిదండ్రుల కష్టార్జితముపై బ్రతుకువానికి కాయకమెక్కడిది, దాసోహమెక్కడిది?

విద్యార్థికి చదువే కాయకము. రైతు సాళ్లు సరిగా దున్నవలసినట్లు, నేతగాడు పోగు తెగకుండ నేయవలసినట్లు, విద్యార్థి పాఠమును శ్రద్ధతో చదువవలయును. సేవ యను నెపముతో తరగతికి ఎగనామము పెట్టువాడు కాయకమును చెరచినవాడే గాని దాసోహము చేసినవాడు కాడు. ఈ విషయమున తండ్రి ప్రశ్నలో న్యాయమున్నది.

కాని ఆ చదువు ఎవరి సొత్తు? కళాశాల భవనమును కట్టిన కూలివారు, ప్రభుత్వమునకు పన్ను కట్టిన చిల్లర వర్తకులు, ఉపకార వేతనమునకు మూలమైన ప్రజాధనము, వసతిగృహమున అన్నము పెట్టిన దాతలు, వీరందరును ఆ చదువులో భాగస్వాములు. ఉప్పు కొన్న నిరుపేద సైతము ఏదో యొక రూపమున విశ్వవిద్యాలయమును పోషించుచునే యున్నాడు. కావున విద్య విద్యార్థికి లభించిన ప్రసాదమే గాని అతడు మూటగట్టిన సొమ్ము కాదు. ప్రసాదమును ఒక్కడే దాచుకొని తినుట మన ఆచారము కాదు. పంచుకొనినప్పుడే అది ప్రసాదము. విద్యార్థికి ధనము లేకున్నను కాలము కలదు, దేహబలము కలదు, నేర్చిన నాలుగు అక్షరములు కలవు. ఇవియే అతని దాసోహ ద్రవ్యములు.

నిర్బంధమా, స్వేచ్ఛయా?

విద్యార్థులను సేవకు నిర్బంధింపవచ్చునా యను ప్రశ్న మన దేశమునకు క్రొత్తది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన నియమింపబడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, విద్యాసంస్థలలో జాతీయ సేవ స్వచ్ఛందముగా ఉండవలెనని సూచించినది. 1958లో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ, పట్టభద్రుడగుటకు ముందు సంఘసేవ చేసియుండవలెనను నియమము పెట్టుట మంచిదేమో యని ముఖ్యమంత్రుల ఆలోచనకు తెచ్చెను. 1959లో ఏర్పడిన సి.డి. దేశ్‌ముఖ్ సంఘము, ఉన్నత పాఠశాల ముగించి కళాశాలలో చేరగోరువారికి తొమ్మిది మాసములనుండి ఒక సంవత్సరము వరకు జాతీయ సేవ నిర్బంధము కావలెనని చెప్పినది. వ్యయభారమును, ఆచరణలోని చిక్కులను చూచి ఆ సూచన విడిచిపెట్టబడినది. ఇతర దేశముల పద్ధతులను పరిశీలించిన కె.జి. సయ్యదైన్ 1960లో, సాధ్యమైనంతవరకు సేవ స్వచ్ఛందముగానే ఉండుట మేలని నివేదించెను. 1964–66 నాటి కొఠారి సంఘము విద్య యొక్క అన్ని దశలలోను సంఘసేవ చేరవలెనని కోరినది.

ఈ చర్చలన్నింటి ఫలముగా, గాంధీ మహాత్ముని శతజయంతి వత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, నాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకమును ప్రారంభించెను. చేరిన విద్యార్థి రెండు సంవత్సరములలో 240 గంటలు సేవ చేయవలయును. దత్తత గ్రామమునందు ఏడు దినముల ప్రత్యేక శిబిరములో పాల్గొనవలయును. ఈ పథకమునకు చిహ్నముగా కోణార్క సూర్యదేవాలయ రథచక్రమును తీసికొనిరి. అందలి ఎనిమిది ఆకులు దినములోని ఎనిమిది జాములకు గుర్తు. ఏ జామునైనను సేవకు సిద్ధముగా ఉండవలెనని భావము. “నేను” అనుదానిని వెనుకకు నెట్టి “నీవు” అనుదానిని ముందు నిలుపునట్టి ధ్యేయవాక్యమును ఎన్నుకొనిరి. శరణుల దాసోహ తత్త్వమునకు ఇంతకంటె దగ్గరి చుట్టము కానరాదు.

నిర్బంధమును కూడ దేశము చవిచూచినది. చైనా యుద్ధానంతరము 1963లో కళాశాల విద్యార్థులకు నేషనల్ కేడెట్ కోర్ శిక్షణ తప్పనిసరి చేయబడినది. ఐదు సంవత్సరములు గడచునప్పటికి, 1968లో, అది మరల ఐచ్ఛికమైనది. ఇటీవల గాలి మరల మారినది. 2020–21 విద్యాసంవత్సరమునందు ఆంధ్రప్రదేశమున మార్చబడిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును చేర్చి, దానికి నాలుగు క్రెడిట్లు నిర్ణయించిరి.

నిర్బంధము సేవను చెరచునా? ఈ ప్రశ్నకు సమాధానము వీరశైవుల ఇంటిలోనే యున్నది. మన ఆచారమున శిశువునకు పుట్టిన కొలది దినములలోనే లింగధారణ జరుగును. ఆ పసిబిడ్డ కోరి లింగమును పుచ్చుకొన్నదా? లేదు. అయినను దానిని తప్పని యెవ్వరును తలంపరు. పెద్దలు మెడలో కట్టిన లింగమును, వయస్సు వచ్చిన పిదప, దీక్ష పొంది, తెలిసి, తన కరస్థలమున నిలుపుకొని, తన ప్రాణముగా చేసికొనుట ఆ బిడ్డ పని. మొదటిది సంస్కారము, రెండవది సాధన. సంస్కారము ఇతరులు చేయవచ్చును. సాధన ఎవరికి వారే చేయవలయును. కట్టిన లింగమును ఎన్నడును చేతికి తీసికొని చూడనివానికి అది మెడకు బరువే యగును.

కళాశాల విధించిన సేవయు ఇట్టిదే. అది ద్వారమును తెరచును, లోనికి నడపదు. నిర్బంధమువలన మొదలుపెట్టుట దోషము కాదు. నిర్బంధము ముగిసిన నాడే సేవయు ముగిసిపోవుట దోషము. 180 గంటలు గడచిన మరునాడు ఆ విద్యార్థి కాళ్లు ఆ వీధివైపు మరల నడచునా? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చు సమాధానమును బట్టి అంతకుముందు జరిగినది సంస్కారమో, వెట్టిచాకిరియో తేలిపోవును.

లెక్క తప్పు కాదు, దొంగలెక్క తప్పు

ఇక ఫలాపేక్షను గూర్చిన విచారము. సర్టిఫికెట్ కొరకు చేయు సేవ సేవ కాదని కొందరు తీసివేయుదురు. ఇది తొందరపాటు. శరణులు ప్రతిఫలమును ద్వేషించినవారు కారు. చాకలి, పడవవాడు, చెప్పులు కుట్టువాడు, అందరును తమ కాయకమునకు తగిన కూలి పుచ్చుకొనినవారే. కూలి పుచ్చుకొనుట పాపమైనచో దాసోహమునకు ద్రవ్యమెక్కడినుండి వచ్చును? వారు ద్వేషించినది అవసరమునకు మించినదానిని, సత్యము లేనిదానిని.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ అందరికిని తెలిసినదే. కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి, ఆ దంపతులు జంగమ దాసోహము నడపుచుండిరి. ఒకనాడు మారయ్య ప్రతిదినముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఆశ ఎక్కడినుండి వచ్చినదని నిలదీసి, ఎక్కువైనదానిని అక్కడనే పోసి రమ్మని పంపెను. మారయ్య దొంగిలించి తేలేదు, ఏరియే తెచ్చెను. అయినను, నేటి అవసరమునకు మించినది రేపటి ఆశకు బీజమని ఆమె గ్రహించెను. నాటి కల్యాణమునందు ఆ గింజలను ఏరుటకంటె చిన్న పని లేదు. దానిని అంత శుద్ధముగా ఉంచుకొనుటకంటె పెద్ద పని కూడ లేదు.

ఈ దృష్టితో చూచినచో సర్టిఫికెట్ ఒక రసీదు మాత్రమే. చేసిన పనికి రసీదు పుచ్చుకొనుటలో తప్పు లేదు. బసవేశ్వరుడే కరణికుడుగా లెక్కలు వ్రాసి, పిదప బిజ్జలుని భాండాగారమునకు అధికారి యైనవాడు. రాజధనమును దాసోహమునకు వ్యయము చేయుచున్నాడని గిట్టనివారు చాడీలు చెప్పగా, భాండారమును తెరచి చూపించి కాసు తగ్గలేదని నిరూపించిన వృత్తాంతమును పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో రచించిన బసవపురాణము చెప్పుచున్నది. భక్తికిని లెక్కకును వైరము లేదు. దాసోహము చేయువాడు లెక్క అప్పగించుటకు వెరవడు.

వైరము దొంగలెక్కతోనే. చేయని గంటలను చేసినట్లు వ్రాయించుకొనుట, ఒక పూట మొక్క నాటి పది ఛాయాచిత్రములు తీయించుకొని పది దినముల పనిగా చూపుట, ఇంటింటికి పోకుండ గదిలో కూర్చుండి సర్వే కాగితములు నింపుట, ఒకరి నివేదికను మరియొకరు దించి వ్రాయుట, ఇవి చిన్న తప్పులుగా కనిపించును. పరీక్షలో కాపీ కొట్టుటకంటె ఇవి ఎక్కువ హీనమైనవి. పరీక్షలో కాపీ కొట్టినవాడు తోటి విద్యార్థులకు అన్యాయము చేయును. సేవలో దొంగలెక్క వ్రాసినవాడు ఆ ఊరిలోని నీరు లేని ఇంటికి, బడికి పోని పిల్లకు అన్యాయము చేయును. వారి పేరున గంటలు పుచ్చుకొని వారికేమియు ఇయ్యలేదు గదా! పేదవాని పేరు చెప్పి ధనము దండుకొనువానిని సంఘము దొంగయనును. పేదవాని పేరు చెప్పి క్రెడిట్లు దండుకొనువానికి వేరొక పేరు లేదు. ఆ కాగితముపై సంతకము చేసిన అధ్యాపకునకును, “పోనిమ్ము, అందరును చేయునదే” యని ఊరకున్న తల్లిదండ్రులకును ఈ దోషములో భాగమున్నది. లక్కమ్మ వంటి ఇల్లాలు ఉన్న ఇంటికి ఇట్టి సర్టిఫికెట్ గడప దాటి రాజాలదు.

ఊరు ఇచ్చునది, ఊరు పుచ్చుకొనునది

విద్యార్థులు గ్రామమునకు పోయినప్పుడు సాధారణముగా సర్వేతో పని మొదలగును. ఒక గృహిణి వాకిట నిలిచి సమాధానములు చెప్పుచున్నదని ఊహింపుడు. ఇంటిలో ఎందరు? మరుగుదొడ్డి కలదా? ఎంతవరకు చదివితిరి? నెలకు రాబడి యెంత? ఆమె పొయ్యిమీద ఎసరు మరుగుచున్నది. పొలమునకు పోవు వేళ మించుచున్నది. అయినను అరగంటసేపు నిలిచి, పదిమంది వినుచుండగా తన ఇంటి లేమిని విప్పి చెప్పినది. ఆ అరగంట విద్యార్థి ఖాతాలో సేవగా జమయైనది. నిజమునకు ఆ అరగంటను ఇచ్చినది ఎవరు? పుచ్చుకొనినది ఎవరు?

విద్యార్థి ఈ సత్యమును గుర్తించినచో అతనిలో వినయము పుట్టును. తాను ఉద్ధరించుటకు వచ్చితినను భ్రమ తొలగును. ఎదుట నిలిచినది జంగమము, తాను దాసుడు. ఆమె చెప్పినది వ్రాసికొని పోవుటతో సరిపెట్టక, పింఛను దరఖాస్తుయో, బిడ్డ బడి ప్రవేశమో, ఏదో యొకటి పూర్తియగువరకు ఆమె వెంట నడచుట అతని విధి. నూరిండ్ల సర్వేకంటె ఒక ఇంటి పని కడతేర్చుట మిన్న.

శిబిరమునకు సంబంధించి మరియొక పరీక్ష కలదు. ఏడు దినములు ఊరిబడి వసారాలో బస చేసి, తమ వంటవానిని తామే తెచ్చుకొని, దళితవాడలో వీధులు ఊడ్చి, ఫలకము కట్టి, అక్కడ గ్రుక్కెడు నీరైనను పుచ్చుకొనక తిరిగివచ్చిన విద్యార్థులు ఏమి సేవ చేసినట్లు? చీపురు ఆ వాడకు పోయినది, మనస్సు పోలేదు. కల్యాణమున అల్లమప్రభువు శూన్యసింహాసనమును అధిష్ఠింపగా అనుభవ మంటపమునందు మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, డోహర కక్కయ్య వంటివారు సరిసమానముగా కూర్చుండిరి. ఆ సభకు వారసులమని చెప్పుకొనువారి బిడ్డలు సేవాశిబిరమున ఎవరి ఇంట భుజించిరి, ఎవరి ప్రక్కన కూర్చుండిరి అనునది వారు ఎన్ని గజముల బాట వేసిరి అనుదానికంటె ముఖ్యమైన లెక్క. ఈ లెక్కకు ఏ పుస్తకములోను గడి లేదు.

ఫలము ఎవరి చేతిలోను లేదు

సేవ చేయువాడు ఫలమును ముందుగా నిర్ణయింపజాలడనుటకు తెలుగుదేశమున గొప్ప నిదర్శనము కలదు. 1991లో నెల్లూరు జిల్లాయందు సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము నడచినది. స్వచ్ఛంద కార్యకర్తలు జీతము లేకుండ రాత్రివేళ దీపములు పెట్టి, పగలంతయు కూలిపని చేసి అలసివచ్చిన స్త్రీలకు అక్షరములు నేర్పిరి. వారి వాచకములో సారా వలన చితికిన సంసారముల ప్రస్తావన వచ్చినది. చదివినవారు అది తమ కథయేనని గుర్తించిరి. దూబగుంట గ్రామ స్త్రీలు ఒక్కటై తమ ఊరిలో సారా అమ్మకమును ఆపిరి. ఆ వార్తయు వాచకములోని పాఠమై ఇతర గ్రామములకు చేరినది. 1992లో అది జిల్లా యెల్లలు దాటి రాష్ట్రమంతటను వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో ఆ నిషేధము సడలింపబడినను, ఆ స్త్రీలు సాధించినది చరిత్రనుండి చెరిగిపోలేదు.

అ ఆలు దిద్దించిన కార్యకర్తలు ఇట్టిది జరుగునని తలంచి యుండరు. వారు ఇచ్చినవి అక్షరములు. వానిని ఆయుధములుగా మలచుకొనినది ఆ తల్లులు. నేర్పినవారే అచట నేర్చుకొనినవారైరి. ఫలితమును చూపుమని విద్యార్థిని తొందరపెట్టు అధికారులును, ఫలితము కనబడలేదని నిరాశపడు విద్యార్థులును ఈ ఉదంతమును మననము చేయవలసి యున్నది. విత్తు నాటిన చేతికి పంటపై అధికారము లేదు. విత్తు పుచ్చుది కాకుండ చూచుకొనుట మాత్రమే దాని బాధ్యత.

“నేను” లేని నాలుగు గంటలు

అన్ని సేవలును ఊరేగింపులతో, శిబిరములతో జరుగవలసినవి కావు. పేరు బయటకు రానివి కొన్ని కలవు. అందులో చూపు లేని విద్యార్థులకు పరీక్షలో వ్రాతసహాయము చేయుట యొకటి. ప్రతి గంటకు ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ వారికి అదనపు సమయము ఇయ్యవలెనని కేంద్ర ప్రభుత్వము 2018లో ప్రకటించిన మార్గదర్శకములు చెప్పుచున్నవి. కావున మూడు గంటల పరీక్ష నాలుగు గంటలగును. ఆ నాలుగు గంటలును వ్రాతకాడు ప్రక్కవాని నోట వచ్చినదానిని మాత్రమే కాగితముపై పెట్టవలయును.

ఇది చూచుటకు సులభము, చేయుటకు కఠినము. తనకు తెలిసిన సమాధానమును ప్రక్కవాడు తప్పుగా చెప్పుచుండగా కలము ఆగును. దిద్దవలెనని చేయి ఉబలాటపడును. దిద్దినచో అది దయగా కనిపించును గాని నిజమునకు దొంగతనమే. ఆ విద్యార్థి తన బుద్ధితో నెగ్గు గౌరవమును అతనినుండి అపహరించినట్లగును. పోనీ, ఎవరి పరీక్షయో గదా యని అక్షరములు గజిబిజిగా వ్రాసినచో అది మరియొక ద్రోహము. తన తెలివిని పూర్తిగా అణచుకొని, తన శ్రద్ధను పూర్తిగా ఒప్పగించవలయును. కలము తనది, చేయి తనది, మాట మాత్రము తనది కాదు. ఫలితములు వచ్చిననాడు పత్రికలో అతని పేరు ఉండదు. దాసోహము అనగా నేమియని అడిగిన యువకునకు గ్రంథములు చూపనక్కరలేదు; ఒకసారి ఈ నాలుగు గంటలు కూర్చుండి రమ్మని చెప్పినచో చాలును.

రక్తదానము సైతము ఇట్టిదే. పదునెనిమిదేండ్లు నిండి, ఆరోగ్యముగా నుండి, 45 కిలోల బరువున్నవారు రక్తమీయవచ్చును. పురుషులు మూడు మాసములకు, స్త్రీలు నాలుగు మాసములకు ఒకసారి ఇయ్యవచ్చును. ఎవరి రక్తము ఎవరి నాళములలో ప్రవహించునో ఇచ్చువానికి తెలియదు, పుచ్చుకొనువానికిని తెలియదు. కులము అడుగుటకు అచట చోటే లేదు.

మఠములు, గృహములు చేయవలసినది

వీరశైవ సమాజమున విద్యాదాసోహము క్రొత్తగా పుట్టినది కాదు. 1916లో బెళగావియందు ఏడుగురు యువ ఉపాధ్యాయులు స్థాపించిన కర్ణాటక లింగాయత ఎడ్యుకేషన్ సొసైటీ, చదువుకొన్న యువకులు తమ జీవితమును లోకమునకు ఒప్పగించినచో ఏమి జరుగునో చూపినది. తుమకూరు సమీపమున సిద్ధగంగా మఠమును 1941నుండి నడపి, 2019 జనవరి 21న తమ 111 యేండ్ల వయస్సున లింగైక్యులైన శ్రీ శివకుమార మహాస్వాములవారు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును వేలకొలది బాలురకు కులమత విచక్షణ లేకుండ అందించిరి. తెలుగునాటను లింగాయత వసతిగృహములలో అన్నము తిని, చదువుకొని, పైకి వచ్చినవారు ప్రతి పట్టణమునను కలరు.

అన్నము పెట్టుటతో మఠము పని సగమే తీరినది. తిన్నవాడు వడ్డించువాడుగా మారినప్పుడే అది పూర్తియగును. వసతిగృహ విద్యార్థులు వారమున ఒక సాయంకాలము చుట్టుప్రక్కల పిల్లలకు లెక్కలు, ఆంగ్లము చెప్పునట్లు ఏర్పాటు చేయవచ్చును. జాతర దినములలో మంచినీటి పందిళ్లు, ప్రథమచికిత్స, తప్పిపోయిన పిల్లల జాడ తీయుట వారికి అప్పగింపవచ్చును. బసవజయంతి నాడు ఉపన్యాసములతో పాటు రక్తదాన శిబిరము జరిగినచో ఆ దినమునకు వన్నె తగ్గదు. విశ్వవిద్యాలయములు ఇచ్చు అవకాశములను మఠము తన దీవెనతో బలపరచవలయును. విద్యార్థి సేవకు బయలుదేరునప్పుడు ఆశీర్వాదము, తిరిగివచ్చినప్పుడు “ఎందరికి చేసితివి?” అని కాక “ఎవరినుండి ఏమి నేర్చితివి?” అను ప్రశ్న, ఈ రెండును మఠమే ఇయ్యదగినవి.

గృహముల విషయము మరింత ముఖ్యము. శిబిరమునకు పోయెదనన్న కుమారుని అనుమతించి, కుమార్తెను మాత్రము “ఆడపిల్లకు ఊరుమీద తిరుగుటయేల?” అని ఆపు ఇండ్లు నేటికిని కలవు. లక్కమ్మ మాటకు మారయ్య తలవంచిన సంప్రదాయము మనది. స్త్రీకి లింగధారణలో సమాన హక్కునిచ్చిన ధర్మము సేవలో ఆమెను వెనుక నిలుపుట తగదు. తగిన రక్షణను అడిగి తెలిసికొనుట తండ్రి విధి. రక్షణ పేరుతో తలుపు మూయుట విధి కాదు.

సేవ చదువును చెరచునని భయపడు తల్లిదండ్రులకు ఒక మాట. రెండు సంవత్సరములలో 240 గంటలు అనగా వారమునకు రెండున్నర గంటలకు మించదు. ఇంతకంటె ఎక్కువ కాలము చలనచిత్రములకును, చేతిలోని ఫోనుకును పోవుచున్నది. ఆ గంటలను గూర్చి కలుగని భయము ఈ గంటలను గూర్చి ఏల కలుగవలయును?

ముగింపు

కావున మొదటి ప్రశ్నకు సమాధానము ఇట్లు తేలుచున్నది. నిర్బంధముతో మొదలైనంత మాత్రమున సేవ చెడదు. నిర్బంధముతో ముగిసినచో చెడును. రసీదు పుచ్చుకొనినంత మాత్రమున సేవ చెడదు. అబద్ధపు రసీదు పుచ్చుకొనినచో చెడును. గంటలు లెక్కించినంత మాత్రమున సేవ చెడదు. ఎదుటి మనుష్యుని లెక్కలోని అంకెగా చూచినచో చెడును. సర్టిఫికెట్ కాగితము ఏ పెట్టెలోనో పడి పసుపువన్నె తిరుగును. సేవ చేసిన చేతికి మాత్రము, చేసిన ప్రతిసారియు “నేను” కొంత తరిగి, దాసత్వము కొంత పెరుగును. ఆ తరుగుదలయే విద్యార్థికి నిజమైన లాభము. సంఘమునకు ఆ లాభము చేకూరునట్లు మఠములు, గృహములు, విద్యాలయములు కలసి పాటుపడుగాక.

శరణు శరణార్థి.